రాక్ కచేరీకి దుప్పట్లు

మా బిలాస్‌పూర్ రైల్వే కోలనీలో ఎవరూ ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళరు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా వెనక నలుగురుంటారు. రతన్‌పూర్ అమ్మవారి దర్శనానికి నేనూ అమ్మా వెళ్దామని రాత్రి అనుకుంటే, తెల్లారేసరికి ఎవరో వ్యాను మాట్లాడేసి ఉంటారు. అందులో అందరికీ చోటు దొరికి నాకు మాత్రం డ్రైవరు పక్కన, గేరు రాడ్డుకి మోకాలు తగులుతూ సగం సీటు దొరుకుతుంది. మా వదిన తమ్ముడు కర్గీ రోడ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తాడు. బిలాస్‌పూర్ నుంచి గంట ప్రయాణం కూడా కాదు. అతను వచ్చి వెళ్తుంటే అమెరికా పంపిస్తున్నట్టు మా క్వార్టర్ల లైను లైనంతా స్టేషన్‌కి కదులుతుంది. దీన్ని ఆప్యాయత అంటారని నాకూ తెలుసు. కానీ మనిషన్నాక ఎప్పుడైనా ఒక్క సాయంత్రం ఒక్కర్తే ఉండాలనిపించదా?

నాకు నలభై మూడేళ్ళు. బోద్రీలో కోర్టు ఆఫీసులో పనిచేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్న దాని మీద కోలనీలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కథ ఉంది కాబట్టి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అమ్మ, అన్నయ్య, వదిన, కాలేజీ చదివే మేనకోడలు, నేను, అందరం అన్నయ్యకి ఇచ్చిన క్వార్టర్‌లోనే ఉంటాం.

అన్నయ్య గూడ్సు బళ్ళకి డ్రైవరు. నాన్నా అదే పని చేసి రిటైరయ్యారు, రెండేళ్ళకి పోయారు. డ్రైవరు ఇంట్లో పుట్టిన పిల్లలకి నడక కంటే ముందు గుసగుస వస్తుంది. రాత్రంతా బొగ్గు బండి లాగి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. పడుకోకపోతే మళ్ళీ రాత్రికి సిగ్నల్ ఎలా చూస్తాడు? అందుకని మా ఇంట్లో పగలు రేడియో లేదు, పెద్దగా నవ్వు లేదు, తలుపు టపీమని వెయ్యడం లేదు. అమ్మ కుక్కరు మూడో కూతకి ముందే దింపేసేది. ఇనుప గిన్నె చేతిలోంచి జారితే ముందు మేం నాన్న గది వైపు చూసేవాళ్ళం, తర్వాతే కాలి మీద పడిందా లేదా అని చూసుకునేవాళ్ళం. ఇప్పుడు అన్నయ్య గది వైపు చూస్తాం.

కాలేజీలో ఉండగా బుధ్వారీ బజార్‌లో ఒక క్యాసెట్టు కొన్నాను. ఢిల్లీ కుర్రాళ్ళు నలుగురు, హిందీలో పాడే రాక్ బ్యాండు. రెండో వైపు చివర్లో ఒక పాట ఉంది. మెల్లగా ఒక్క గిటారుతో మొదలవుతుంది, అలా మెల్లగా వెళ్తూ వెళ్తూ ఒక్కసారిగా డ్రమ్ములు పడతాయి, ఇక అక్కణ్ణించి ఆ గాయకుడు పాడడు, అరుస్తాడు. ఆ పాటని నేను టేప్‌రికార్డరు సౌండు మొత్తం తగ్గించి, రగ్గు కప్పుకుని, చెవి దానికి ఆనించి వినేదాన్ని. తర్వాత ఇయర్‌ఫోన్లు వచ్చాయి. బోద్రీకి వెళ్ళే ఆటోలో వింటాను, తిరిగొచ్చే ఆటోలో వింటాను. ఇన్నేళ్ళలో ఆ పాట గదిలో మోగడం నేను వినలేదు. అతను అరిచే చోట నేను పెదవులు మాత్రం కదిపేదాన్ని.

రాయ్‌పూర్‌కి ఒకసారి వచ్చారు. తోడు ఎవరూ లేరని పంపలేదు. నాగ్‌పూర్‌కి వచ్చినప్పుడు అమ్మకి కంటి ఆపరేషను. ఇప్పుడు కుర్రాళ్ళు కుర్రాళ్ళు కారు, జుట్టు నెరిసింది, ఈ ఏడు ఊరూరా తిరిగి పాడేసి ఇక మానేస్తామని ప్రకటించారు. ఆ ఊళ్ళలో బిలాస్‌పూర్ కూడా ఉందని, అదీ మా రైల్వే గ్రౌండులోనేనని ఫోన్‌లో చూసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఒక్కసారి ఆ పాట పెద్దగా వినాలి. నిలబడి వినాలి. డ్రమ్ములు పడే చోట గొంతు పగిలేలా అరవాలి. ఇంతకి మించిన కోరిక నీకు లేదా అంటే లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి.

స్టేజీ ముందు నిలబడే భాగానికి ఒక్క టికెట్టు కొన్నాను. ఎవరికీ చెప్పలేదు. కానీ మా క్వార్టర్‌లో రహస్యం దాచడానికి చోటెక్కడుంది? నా ఫోను చూసి మేనకోడలు వాళ్ళమ్మకి చెప్పింది, వదిన కూరలబండి దగ్గర చెప్పింది, సాయంత్రానికి మా తెలుగు సంఘం సెక్రటరీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ఇంజన్ల షెడ్డులో కరెంటు పని చేసి రిటైరైన మనిషి. కోలనీ అంతా బాబాయి అంటాం. వినాయక చవితి పందిరి దగ్గర్నుంచి శవం లేపడం దాకా ఆయన చెయ్యి లేకుండా ఏదీ జరగదు.

"టికెట్టు కొన్నావేటమ్మా?" అన్నాడు, నేనేదో దొంగతనం చేసినట్టు. "మన గ్రౌండులో మనం టికెట్టు కొనుక్కుని ఎల్తామా? నేనున్నాను కదా. పాసులు తెప్పిస్తాను."

రైల్వే వాళ్ళకి టికెట్టు కొనడమంటే నామోషీ. రైలుకే కాదు, దేనికైనా. స్టేజీకి కరెంటు లాగే కాంట్రాక్టరు బాబాయి దగ్గర పని నేర్చుకున్నవాడట. గుప్పెడు పాసులు వచ్చేశాయి. అన్నీ ముందు భాగానివే, నేను డబ్బులు పోసి కొన్న భాగానివే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని సామెత. ఆ సామెత చెప్పినవాడికి ఒక్క పిల్లే ఉంది, అదృష్టవంతుడు.

"అమ్మా, అది రాక్ కచేరీ. చెవులు పగిలిపోతాయి. కూర్చోడానికి కుర్చీలు కూడా ఉండవు" అన్నాను.

"కుర్చీలు లేకపోతే ఏటి? దుప్పట్లు ఉన్నాయి కదే మనకి" అంది అమ్మ.

నేను అప్పుడే ఊహించి ఉండాల్సింది.

చవితి పందిరి దగ్గర తొమ్మిది రాత్రులూ మా వాళ్ళ పద్ధతి ఒకటే. ఎండ ఉండగానే వెళ్ళి స్టేజీ ముందు దుప్పటి పరిచేస్తారు. దుప్పటి పడిందంటే ఆ చోటు కార్యక్రమం అయ్యేదాకా వాళ్ళదే, తిరిగొచ్చేసరికి దాని మీద పిల్లి కూడా పడుకోదు. హరికథైనా, పిల్లల డాన్సులైనా, ఆర్కెస్ట్రా అయినా అంతే. మా వాళ్ళ లెక్కలో ఇది కూడా ఒక ఆర్కెస్ట్రా. ఢిల్లీ నుంచి వస్తున్నారు కాబట్టి కాస్త పెద్ద ఆర్కెస్ట్రా.

చలికాలం. సాయంత్రం కచేరీకి మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కోగానే బయల్దేరదీశారు. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు, బతికిపోయాడు. అమ్మ, వదిన, మేనకోడలు, బాబాయి, ఆయన భార్య పిన్నమ్మ, మా లైనులో ఆడవాళ్ళందరూ. గేటు దగ్గర నీళ్ళ సీసాలు లాగేసుకున్నారు. పులిహోర డబ్బా పట్టుకుని లోపలికి తినేవి తేకూడదన్నారు. "ప్రసాదం హై బేటా" అని వదిన ఒక్క మాట అంది. గేటు దగ్గరి కుర్రాడు కళ్ళకద్దుకుని వదిలేశాడు. మా ఇంటి పులిహోర ఏ దేవుడికి చూపించారో నాకు తెలియదు. దుప్పట్ల సంగతి ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరూ వాటిని శాలువాల్లాగ కప్పుకుని నడిచారు. లోపలికెళ్ళాక ఒక్కొక్కరూ విప్పి, స్టేజీ ముందున్న ఇనప కంచెని ఆనించి, ఒకదాని పక్కన ఒకటి పరిచేశారు. చెప్పులు వరసగా విప్పి అంచున పెట్టారు. మధ్యలో పులిహోర.

రాక్ కచేరీలో అందరికంటే ముందు చోటు. దాని కోసం ఊళ్ళ నుంచి వచ్చి తోసుకు చస్తారు. ఆ చోటు నాకు దొరికింది, దుప్పటి మీద, బాసింపట్టు వేసుకుని.

చీకటి పడేకొద్దీ నల్ల టీషర్టుల కుర్రాళ్ళూ అమ్మాయిలూ నిండిపోయారు. ముందుకొచ్చి మా దుప్పట్లు చూసి ఆగిపోయేవాళ్ళు. పాపం మర్యాదస్థులు, తొక్కలేదు. ఒక వాలంటీరు వచ్చి, "ఆంటీజీ, యహాఁ ఖడే హోకే దేఖ్‌తే హైఁ" అని చేతులు జోడించాడు. ఇక్కడ నిలబడి చూస్తారు అని. మా పిన్నమ్మ అతన్ని చూసి, "ఖడే క్యోఁ బేటా, జగా తో హై, బైఠో" అని తన దుప్పటి కొస జరిపి చోటిచ్చింది. బాబాయి అతనికి రూలు చెప్పాడు. ముందొచ్చిన వాళ్ళది ముందు చోటు, అంతకు మించిన రూలు ప్రపంచంలో ఎక్కడా లేదు. అతను తల పట్టుకుని వెళ్ళిపోయాడు. ముందు వాళ్ళు కూర్చున్నారు కదా అని వెనక వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు, వాళ్ళని చూసి ఇంకొందరు. కాసేపటికి మైదానంలో సగం మంది హరికథకి వచ్చినట్టు నేల మీదున్నారు.

మేనకోడలు మాత్రం తెలివైన గుంట. "నాన్నమ్మా, మై ఉధర్ హూఁ, ఫ్రెండ్స్ కే సాథ్" అని వేలు చూపించి జనంలో కలిసిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. నేను అలా చెప్పలేను. నేను "అటు వెళ్ళి నిలబడతాను" అంటే, "ఉండు, నేనూ వస్తాను" అని వదిన లేస్తుంది, వదిన లేస్తే పిన్నమ్మ లేస్తుంది, చివరికి దుప్పట్లు మడత పెట్టి అందరూ అటే వస్తారు. నలభై మూడేళ్ళ అనుభవంతో చెప్తున్నాను.

బ్యాండు వచ్చింది. ఆ గాయకుణ్ణి అంత దగ్గరగా, మెడ మీద నరం కనిపించేంత దగ్గరగా చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. అతను చేతులు చాచి "బిలాస్‌పూర్!" అని అరిచి, కిందికి చూసి, మా దుప్పట్లు చూసి, ఒక్క క్షణం ఆగిపోయాడు. అమ్మ నమస్కారం పెట్టింది. అతనూ పెట్టాడు, ఏం చేస్తాడు. తర్వాత రెండు చేతులూ పైకి ఊపుతూ అందరినీ లేవమన్నాడు. వెనక మైదానమంతా లేచింది.

"నిల్సోమంటన్నాడేటే?" అంది అమ్మ. "మోకాళ్ళు ఆయన ఇస్తాడేటి?"

లేవలేదు. ఒక్కరూ లేవలేదు.

మొదటి పాటకి నేను లేచాను. వదిన నా కుర్తా పట్టుకుని కిందికి లాగింది. "వెనకాల పిన్నమ్మకి కనపడటం లేదు, కూర్చో." రెండో పాటకి అమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. నాకూ పెట్టబోయింది. "ఇదేటే, కడుపులో దడదడలాడతంది. షెడ్డులో ఇంజను కింద కూకున్నట్టుంది." మూడో పాటకి బాబాయి తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ తాళానికీ ఆ పాటకీ ఏ జన్మలోనూ చుట్టరికం లేదు. పిన్నమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి, "పాత సినిమా పాట ఒకటి పాడమని సెప్పమ్మా, నీకు హిందీ బాగా వచ్చు కదా" అంది. అతనికి చెవిలో యంత్రం ఉంది, చేతిలో గిటారు ఉంది, ఎదురుగా వేలమంది ఉన్నారు, నేను కంచె దూకి వెళ్ళి పిన్నమ్మ కోరిక చెప్పాలి! ఈలోగా నా ఒళ్ళో ఆకు పెట్టి పులిహోర వడ్డించారు. నా బ్యాండు నా కళ్ళ ముందు ఆఖరిసారి పాడుతుంటే నేను పులిహోరలో మిరపకాయ ఏరుతున్నాను. నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కారం అనుకుని వదిన మజ్జిగ ఉందేమో అని వెతికింది.

ఆ పాట ఇంకా రాలేదు. ఇంటర్నెట్‌లో చూశాను, ప్రతి ఊళ్ళోనూ చివర్లో పాడుతున్నారు. ఇలాగే కూర్చుంటే అది కూడా ఇలాగే వినాలి. తాళం, దూది, పులిహోర. లేదు, ఇక నావల్ల కాదు అనుకున్నాను.

అందరూ స్టేజీ మీద పాటకి తగ్గట్టు ఎగదోసిన మంటలు చూస్తుండగా లేచాను. సంచీ తియ్యలేదు, తీస్తే ఎక్కడికి అంటారు. చెప్పులు అమ్మ కాళ్ళ దగ్గరున్నాయి, అవీ తియ్యలేదు. వంగి, నల్ల టీషర్టుల మధ్య దూరి, ఎవరి మోచెయ్యి తగిలినా పట్టించుకోకుండా వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాను. పిజ్జాలు అమ్మే కొట్ల దాకా వెళ్ళి ఆగాను. కాలి కింద చల్లటి మట్టి. చుట్టూ ఒక్క తెలిసిన మొహం లేదు. ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. అంత హాయిగా నేను ఊపిరి తీసుకుని ఎన్నేళ్ళయిందో. మా వాళ్ళని వదిలి వచ్చినందుకు నాకు రవ్వంత బాధ కూడా లేదు, నిజం చెప్తున్నాను.

అప్పుడు ఒక్క గిటారు మోగింది.

పక్కనున్న అమ్మాయిలు కెవ్వుమన్నారు. నేను అరవలేదు. నాకు భయమేసింది. ఇన్నేళ్ళు చెవిలో దోమలాగ విన్న పాట మైదానమంతా పరుచుకుంటుంటే, ఇది నేను వినేదేనా, ఇంత పెద్దదా ఇది అనిపించింది. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినబడింది. రగ్గు కింద అది ఎప్పుడూ వినబడలేదు. అతను పాడుతున్నాడు, నేనూ పాడుతున్నాను, ముందు మెల్లగా, తర్వాత గొంతు తెరిచి. నా గొంతు అంత బొంగురుగా ఉంటుందని కూడా నాకు తెలియదు. ఇంకొక్క లైను. ఆ లైను అయితే డ్రమ్ములు పడతాయి. డ్రమ్ములు వాయించే అతను కర్రలు పైకెత్తాడు, పెద్ద తెర మీద చూపించారు కూడా. నేను అరవడానికి నోరు తెరిచాను.

పాట ఆగిపోయింది.

స్టేజీ మీదికి ఒక వాలంటీరు పరిగెత్తుకొచ్చాడు. గాయకుడి చెవిలో ఏదో చెప్పాడు. గాయకుడి మొహం మారిపోయింది. లైట్లు వెయ్యమని చేత్తో సైగ చేశాడు. ఎవరైనా నలిగిపోయారేమోనని జనం గుసగుసలాడారు. నేను మునివేళ్ళ మీద లేచి అటు చూశాను, మా వాళ్ళు స్టేజీ ముందే కూర్చున్నారు కదా.

"ఒక్క నిమిషం, అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉండండి" అన్నాడు హిందీలో. "ఒక లేడీ తప్పిపోయారు. కాళ్ళకి చెప్పులు లేవు, దగ్గర ఫోను లేదు. ఆకుపచ్చ కుర్తా." తర్వాత నా పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు, ఆ ఇంటిపేరు పాపం అతని నోట్లో నలిగిపోయింది. "వయసు నలభై మూడు" అన్నాడు. ఆ మాట అన్నాక అతనే వాలంటీరు వైపు చూశాడు. వాలంటీరు తల ఊపాడు, నలభై మూడే అని.

మైదానమంతా నవ్వింది.

చవితి పందిట్లో పిల్లాడు తప్పిపోతే మైకులో చెప్పిస్తారు. తాళం చెవులు పోయినా చెప్పిస్తారు. కోలనీలో మైకు ఎవడబ్బ సొమ్మూ కాదు, అందరిదీ. బాబాయి వెళ్ళి ఆ కరెంటు కాంట్రాక్టరుని పట్టుకుని ఉంటాడు, అతను వాలంటీరుని. ఎలా జరిగిందో నాకు చెప్పనక్కర్లేదు, కళ్ళకి కట్టినట్టు కనిపించింది. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది, కానీ భూమి కూడా మా రైల్వేదే, ముందు బాబాయికి చెప్తుంది.

వెళ్ళకూడదనుకున్నాను. కదలకుండా నిలబడితే ఎవరికి తెలుస్తుంది? కాసేపు చూసి పాట మొదలుపెడతారు. కానీ ఆ మహానుభావుడు మంచివాడు. "దీదీ దొరికేదాకా మేం వాయించం" అన్నాడు. "మమ్మీ ఇక్కడ ఏడుస్తున్నారు. మీ పక్కన ఉన్నారేమో చూడండి." వేలమంది చుట్టూ చూసుకోవడం మొదలుపెట్టారు. నా పక్కనున్న అమ్మాయి నా కుర్తా చూసింది. తర్వాత కాళ్ళు చూసింది.

"దీదీ," అంది మెల్లగా, "ఆప్ హీ హో నా?" మీరే కదా అని.

నేను జవాబు చెప్పేలోగానే నా చెయ్యి పట్టుకుని పైకెత్తేసింది. "మిల్ గయీ!" అని అరిచింది. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. దారి చీలిపోయింది. ఆ మట్టిలో, ఒట్టి కాళ్ళతో, లైట్ల వెలుగులో, వేలమంది చూస్తుండగా స్టేజీ దాకా నడిచాను. పెళ్ళి ఊరేగింపు లేదని నా గురించి బెంగపడిన వాళ్ళందరూ ఆ నడక చూసి తృప్తిపడి ఉంటారు. దారిలో ఒకచోట మేనకోడలు కనిపించింది, స్నేహితురాలి భుజం వెనక మొహం దాచుకుంది.

దుప్పట్ల మీద అందరూ నిలబడి ఉన్నారు! బ్యాండు కోసం లేవని వాళ్ళు నా కోసం లేచారు. బాబాయి మొహం వెలిగిపోతోంది. "సూసినావా, ఎంత క్లియర్‌గా సెప్పించానో!" అన్నాడు.

అమ్మ కంచె పట్టుకుని నిలబడి ఉంది. చెవిలో దూది ఒకటి ఊడి భుజం మీద పడి ఉంది.

"ఏటే, ఎక్కడికెల్లిపోనావు?"

ఇన్నేళ్ళుగా గుసగుసలాడిన గొంతు ఒక్కసారిగా తెగించింది. "నేనేం చిన్నపిల్లనా అమ్మా? నా వయసెంత? నువ్వే చెప్పించావు కదా, అందరికీ తెలిసింది! నా పాట అమ్మా అది! ఆపించేశావు! ఒక్క పాట ఒక్కదాన్నే వినకూడదా? ఒక్క పాట!" తెలుగులోనే అరిచాను. మైకులో పడిందో ఏమో, గాయకుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇంట్లో నేను అమ్మ మీద ఎప్పుడూ అరవలేదు. అరిస్తే ఎవరో ఒకరు నిద్ర లేస్తారు కదా. అమ్మ బిత్తరపోయి చూసింది.

"సెప్పులిక్కడ. ఫోనిక్కడ. సంచీ ఇక్కడ. నువ్వు లేవు" అంది. "మీ నాన్న ఎన్ని డ్యూటీలకెల్లినా నాకు సెప్పకుండ గడప దాటలేదే. ఏటనుకోవాల నేను?"

నా దగ్గర జవాబు చాలానే ఉంది. చెప్తే ఎందుకు వెళ్ళనివ్వరో చెప్పాలి, దుప్పట్ల గురించి చెప్పాలి, పులిహోర గురించి చెప్పాలి, రాయ్‌పూర్ గురించి చెప్పాలి. నోరు తెరిచాను. అమ్మ ముందుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, తన బంగారు గాజులు నా చేతిలోకి గుచ్చుకునేలాగ. నాటకం కాదు. నలభై మూడేళ్ళ మనిషిని ఈ మైదానంలో నిజంగానే పోగొట్టుకున్నాననుకుంది. నా కోపం అణువంతైనా తగ్గలేదు, కానీ ఆ చెయ్యి విడిపించుకోలేదు.

పైనుంచి గాయకుడు వంగి చూశాడు. "మమ్మీ ఖుష్?" అని అడిగాడు. అమ్మ తల ఊపింది. "దీదీ ఖుష్?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను నవ్వాడు. "ఫిర్ సే?" అన్నాడు. మళ్ళీ మొదట్నుంచా అని. నా వెనక మైదానమంతా అవునని అరిచింది.

ఒక్క గిటారు మోగింది.

మా వాళ్ళు లేచే ఉన్నారు, కూర్చోవాలని ఎవరికీ గుర్తు రాలేదు. మొదటి లైను, రెండో లైను. ఈసారి నాకు భయం వెయ్యలేదు. అమ్మ చెయ్యి వదల్లేదు. డ్రమ్ములు పడ్డాయి. నేను ఎగిరాను. గొంతు చించుకుని అరిచాను, నా అరుపు నాకే వినబడనంత చప్పుడులో అరిచాను. ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తాను. రెండోది అమ్మ దగ్గరుంది, నేను ఎగిరినప్పుడల్లా అమ్మ చెయ్యి కూడా దానితోపాటు పైకి లేచి పడుతోంది, గాజులు గలగలలాడుతున్నాయి.

"ఒలే, నెమ్మదే! సెయ్యి ఊడిపోతాది!" అని అమ్మ నా చెవిలో అరిచింది.

"అయితే వదులు!" అని నేనూ అరిచాను.

"వదల్ను" అంది.